సంస్థ నెట్‌వర్క్‌లో ఐపీ అడ్రస్‌ల కేటాయింపు: ఎక్సెల్ షీటు సరిపోతుందా, ప్రత్యేక సాధనం కావాలా?

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోనూ, అక్కడి నుంచి కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ దాకానూ ఉన్న కాలేజీలు, ఆసుపత్రులు, జిన్నింగ్ మిల్లులు, సహకార సంఘాల కార్యాలయాల్లో కంప్యూటర్ నెట్‌వర్క్ ఒక్కసారిగా, ఒక పథకం ప్రకారం ఏర్పడడం అరుదు. మొదట ఒక గదిలో పది సిస్టమ్‌లు వస్తాయి, తరువాత ఒక ల్యాబ్, ఆపైన సీసీ కెమెరాలు, బయోమెట్రిక్ హాజరు యంత్రాలు, వైఫై, చివరకు పక్క జిల్లాలో ఒక శాఖ. ఒక్కో దశలో పని చేసినవారు తమకు తోచిన ఐపీ అడ్రస్‌లు (నెట్‌వర్క్‌లో ఒక్కో యంత్రాన్ని గుర్తించే సంఖ్యలు) ఇచ్చి వెళ్లిపోతారు. కొన్నేళ్లకు ఒక ఉదయం అకౌంట్స్ సెక్షన్ ప్రింటర్, కొత్తగా బిగించిన కెమెరా ఒకే అడ్రస్ కోసం పోటీపడి రెండూ ఆగిపోయినప్పుడు, ఏ అడ్రస్ ఎవరి దగ్గర ఉందో చెప్పగలిగినవారు సంస్థలో ఒక్కరూ ఉండరు. అటువంటి సంస్థలో నెట్‌వర్క్ బాధ్యత చూసేవారు తమకు ఏ పద్ధతి సరిపోతుందో నిర్ణయించుకోవడానికి పనికివచ్చే పోలిక ఇది.

ఈ ఎంపికను సాధారణంగా కంప్యూటర్ల సంఖ్యను బట్టి చేస్తారు. వంద దాటితే సాఫ్ట్‌వేర్ కొనాలనీ, లోపు అయితే ఎక్సెల్ చాలుననీ అంటారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన లెక్క, ఆ సంస్థలో అడ్రస్‌లు ఇచ్చే చేతులు ఎన్ని అన్నది. మూడు వందల సిస్టమ్‌లున్న కాలేజీలో ఒకే అడ్మిన్ అన్నీ తన చేతిమీదుగా నడిపిస్తే, శ్రద్ధగా రాసుకున్న షీటు ఏళ్ల తరబడి నిలబడుతుంది. అరవై సిస్టమ్‌లే ఉన్న ఆసుపత్రిలో కెమెరాల వారు, హాజరు యంత్రాల వారు, స్కానింగ్ యంత్రం బిగించిన ఇంజనీరు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి, రాత్రి షిఫ్టు టెక్నీషియన్ ఎవరికి వారు అడ్రస్‌లు పెట్టుకుంటుంటే, అదే షీటు నెల తిరిగేలోగా అబద్ధమైపోతుంది.

పోల్చేముందు: పంపిణీ వేరు, నమోదు వేరు

మార్కెట్లో దొరికే సాధనాలను పోల్చేటప్పుడు ఎక్కువ గందరగోళం ఒకే చోట పుడుతుంది. అడ్రస్‌ను యంత్రానికి అందించడం ఒక పని; దాన్ని డీహెచ్‌సీపీ చేస్తుంది. ఏ అడ్రస్ దేనికి, ఎందుకు ఇచ్చామో రాసి ఉంచడం మరో పని. దాన్ని షీటు గానీ, ఐపామ్ అని పిలిచే అడ్రస్ నిర్వహణ సాఫ్ట్‌వేర్ గానీ చేస్తుంది. ఈ రెండింటికీ ముందు, ఏ విభాగానికి ఏ శ్రేణి అన్న పథకం ఉండాలి. అది మనిషి ఆలోచించి చేయవలసిందే. పీహెచ్‌పీ ఐపామ్ వంటి నమోదు సాధనం ఇన్‌స్టాల్ చేసినంత మాత్రాన ఒక్క కంప్యూటర్‌కు కూడా అడ్రస్ అందదు, డీహెచ్‌సీపీ సర్వర్ పెట్టినంత మాత్రాన అందులో లేని, యంత్రాల్లోనే చేత్తో పెట్టిన స్టాటిక్ అడ్రస్‌ల సంగతి తెలియదు. కాబట్టి ప్రతి సంస్థా నిజానికి రెండు ఎంపికలు చేసుకోవాలి.

పథకం సరిగా లేకపోతే ఏ సాధనమూ ఆదుకోదు

ప్రైవేటు నెట్‌వర్క్‌ల కోసం 1996 ఫిబ్రవరిలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రం మూడు శ్రేణులను కేటాయించింది: 10.0.0.0/8లో 1,67,77,216 అడ్రస్‌లు, 172.16.0.0/12లో 10,48,576, 192.168.0.0/16లో 65,536. గీత తరువాతి సంఖ్య ఎంత పెద్దదైతే శ్రేణి అంత చిన్నది. ఇంత విస్తారమైన జాగా ఉండగా, రౌటర్ డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్న 192.168.1.0/24లోనే కార్యాలయమంతా ఇరుక్కుని ఉండడం మన దగ్గర మామూలు. అందులో వాడుకోదగినవి 254 మాత్రమే. ఇబ్బంది సంఖ్యతోనే ఆగదు. ఉద్యోగుల ఇళ్లలోని వైఫై రౌటర్లు కూడా తరచూ అదే శ్రేణిలో ఉంటాయి గనుక, ఇంటి నుంచి వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్లే సురక్షిత దారి) ద్వారా కలిసినప్పుడు 192.168.1.10 అంటే ఇంట్లోని ప్రింటరో, ఆఫీసులోని సర్వరో లాప్‌టాప్‌కు అర్థం కాదు. హనుమకొండ ఆఫీసూ, భూపాలపల్లి శాఖా రెండూ 192.168.1.0/24లోనే ఉంటే, ఆ రెండింటినీ కలపదలచిన రోజున ఒకదానికి అడ్రస్‌లన్నీ మార్చక తప్పదు.

వరంగల్ శివార్లలో ప్రధాన క్యాంపస్, హనుమకొండలో సిటీ ఆఫీసు, కరీంనగర్‌లో శాఖ ఉన్న ఒక కాలేజీని ఊహించుకుందాం. క్యాంపస్‌కు 10.20.0.0/16, సిటీ ఆఫీసుకు 10.21.0.0/16, కరీంనగర్‌కు 10.22.0.0/16 ఇస్తే, అడ్రస్ చూడగానే ఏ ఊరో తెలిసిపోతుంది. చుక్కల మధ్యనున్న మూడో సంఖ్యతో విభాగాన్ని చెప్పవచ్చు: సర్వర్లకు 10, ఆఫీసుకు 20, ల్యాబ్‌లకు 30 నుంచి 39, కెమెరాలకు 60, హాజరు యంత్రాలకు 70, ఇవన్నీ ప్రతి ఊళ్లోనూ ఒకే తీరుగా, ఒక్కోదానికి ఒక వీల్యాన్‌తో (అవే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్ భాగం). 10.20.60.x అని లాగ్‌లో (యంత్రాలు తామే రాసుకునే చిట్టాలో) కనిపిస్తే అది క్యాంపస్‌లోని కెమెరా అని కొత్తగా చేరిన మనిషికి కూడా అర్థమవుతుంది. 10.0 గానీ 10.1 గానీ ఎంచుకోవద్దని నా సలహా. అందరూ మొదట పట్టుకునేవి అవే గనుక, రేపు మరో సంస్థ నెట్‌వర్క్‌తో కలవవలసి వస్తే ఢీకొనే అవకాశం వాటికే ఎక్కువ. కంప్యూటర్ సైన్స్ ల్యాబ్‌లకు 172.17.0.0/16 కూడా వద్దు. ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ అనే సాఫ్ట్‌వేర్ తన అంతర్గత నెట్‌వర్క్‌కు డిఫాల్ట్‌గా దాన్నే వాడుకుంటుంది కాబట్టి, విద్యార్థులు డాకర్ ఎక్కించిన యంత్రాలు ఆ శ్రేణిలోని సర్వర్లను చేరలేకపోతాయి.

హాస్టల్ వైఫైకి లెక్క వేరుగా వేయాలి. నాలుగు వందల మంది ఉండే హాస్టల్‌లో ఒక్కొక్కరికి ఫోనూ లాప్‌టాప్ అనుకుంటే ఎనిమిది వందల పరికరాలు. 510 అడ్రస్‌లిచ్చే /23 చాలదు. 1,022 ఇచ్చే /22 కావాలి.

ఎక్సెల్ షీటు

షీటును తక్కువ చేసి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. ఖర్చు లేదు, నేర్చుకోనక్కర లేదు, సర్వర్ పడిపోయిన రోజున కూడా లాప్‌టాప్‌లోనో, అచ్చు తీసిన కాగితం మీదనో చేతిలో ఉంటుంది. ఒకే చోట ఉన్న, ఒకే అడ్మిన్ చూసుకునే సంస్థకు అంతకంటే ఎక్కువ అవసరమని ఎవరైనా అంటే, ఆ అవసరం ఏమిటో చెప్పమని అడగడం మంచిది. అయితే షీటు షీటులా పనిచేయాలంటే అందులో అడ్రస్, పేరు మాత్రమే ఉంటే కుదరదు. మ్యాక్ అడ్రస్ (యంత్రానికి తయారీలోనే ఇచ్చే గుర్తింపు సంఖ్య), యంత్రం ఉన్న గది, స్విచ్ పోర్టు, బాధ్యుడి పేరు, ఇచ్చిన తేదీ ఉండాలి. ఖాళీ అడ్రస్‌ల వరుసలు కూడా ఖాళీగానే కనిపిస్తూ ఉండాలి.

షీటు విఫలమయ్యే తీరు ప్రతిచోటా ఒకటే. మొదట ఒక కాపీ ఇద్దరి దగ్గరికి వెళ్తుంది, ఆపైన ఎవరిది తాజాదో తెలియదు. గూగుల్ షీట్లలో ఉంచితే ఈ ఒక్క చిక్కు తీరుతుంది గానీ, అసలు సమస్య మిగిలే ఉంటుంది: షీటుకు నెట్‌వర్క్ కనిపించదు. పహాణీలో ఒకరి పేరుండి పొలం మరొకరు దున్నుకుంటున్నట్లు, షీటులో ఖాళీ అని ఉన్న అడ్రస్‌తో కెమెరా నడుస్తూనే ఉంటుంది, ప్రింటర్ పేరు రాసి ఉన్న అడ్రస్‌లో రెండేళ్లుగా ఏ యంత్రమూ ఉండదు. ఒకే అడ్రస్‌ను రెండుసార్లు రాస్తే షీటు తనంత తానుగా అడ్డుకోదు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో అడిగితే ఎక్సెల్ ఫైలు చెప్పలేదు. అడ్రస్‌లు ఇచ్చే రెండో మనిషి వచ్చిన రోజునే షీటుకు ప్రత్యామ్నాయం ఆలోచించడం మొదలుపెట్టాలి, మూడో మనిషి వచ్చేసరికి మారిపోయి ఉండాలి.

చాలా పొడవైన అడ్రస్‌లుండే కొత్త తరం ఐపీవీ6 వాడుతున్న సంస్థ అయితే షీటు ప్రసక్తే లేదు. ఒక్క /64 సబ్‌నెట్‌లోనే (అంటే నెట్‌వర్క్‌లోని ఒక్క శ్రేణిలోనే) అడ్రస్‌ల సంఖ్య ఎక్సెల్ వరుసలతో ఏమాత్రం పొంతన లేనంత పెద్దది. పైగా అక్కడ చాలా పరికరాలు తమ అడ్రస్‌ను తామే తయారు చేసుకుంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్లు ఏళ్లుగా డీహెచ్‌సీపీవీ6 ద్వారా అడ్రస్ తీసుకోకుండా ఈ పద్ధతినే పాటిస్తున్నాయి.

పంపిణీ: రౌటర్‌లోనా, ప్రత్యేక సర్వర్‌లోనా?

డీహెచ్‌సీపీ ప్రమాణం 1997 మార్చి నాటి ఆర్‌ఎఫ్‌సీ 2131లో ఉంది. యంత్రం అడ్రస్ కావాలని కేక వేస్తుంది, సర్వర్ ఒకటి చూపుతుంది, యంత్రం అదే కావాలంటుంది, సర్వర్ కొంతకాలానికి లీజుకు ఇస్తుంది. లీజులో సగం గడవగానే యంత్రం పొడిగింపు అడుగుతుంది. ఈ పని రౌటర్, ఫైర్‌వాల్, విండోస్ సర్వర్, లినక్స్ సర్వర్ ఏదైనా చేయగలదు. తేడా ఉండేది నడిపే సౌకర్యంలోనూ, మిగిల్చే ఆనవాళ్లలోనూ.

ఒకే చోట, రెండు మూడు వీల్యాన్‌లున్న ఆఫీసుకు ఫైర్‌వాల్ లేదా మైక్రోటిక్ వంటి రౌటర్‌లో ఉన్న డీహెచ్‌సీపీ చక్కగా సరిపోతుంది. ప్రత్యేక యంత్రం అక్కర లేదు, కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటర్ లేవగానే అడ్రస్‌లు కూడా అందుతాయి. ఈదురుగాలుల కాలంలో రోజుకు నాలుగైదు సార్లు కరెంటు పోయే ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. సర్వర్ లేవకముందే ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నీ లేచి అడ్రస్ అడిగితే, విండోస్ యంత్రాలు 169.254తో మొదలయ్యే అడ్రస్ తమకు తామే పెట్టుకుని కూర్చుంటాయి. కొంతసేపటి వరకు ఫిర్యాదులే ఫిర్యాదులు. శాఖ కార్యాలయాలకు కూడా అక్కడి రౌటర్‌లోనే డీహెచ్‌సీపీ ఉంచడం మేలు అంటాను. అన్నిటినీ హనుమకొండలోని ఒకే సర్వర్‌కు రిలే (శాఖలోని అభ్యర్థనలను సర్వర్‌కు చేరవేసే ఏర్పాటు) ద్వారా కలపడం చూడడానికి క్రమబద్ధంగా ఉన్నప్పటికీ, రోడ్డు పనుల్లో ఫైబర్ తెగిన రోజున భూపాలపల్లిలో కొత్తగా ఆన్ చేసిన సిస్టమ్‌కు పక్క టేబుల్ మీది ప్రింటర్ కూడా అందదు. కేంద్ర సర్వరే కావాలనుకుంటే లీజును కొన్ని రోజులకు పెంచాలి. లీజు మిగిలి ఉన్నంతకాలం సర్వర్ జవాబు చెప్పకపోయినా యంత్రం పాత అడ్రస్‌తో నడవగలదు.

ప్రధాన క్యాంపస్ సంగతి వేరు. పదిహేను ఇరవై సబ్‌నెట్‌లు, ఫలానా యంత్రానికి ఫలానా అడ్రస్ అని రాసిన రిజర్వేషన్‌లు వందల్లో ఉన్నచోట రౌటర్ తెరల్లో వాటిని వెతకడం, మార్చడం, బ్యాకప్ తీయడం ప్రయాసగా మారుతుంది. అక్కడ ప్రత్యేక డీహెచ్‌సీపీ సర్వర్ కావాలి, అది జంటగా ఉండాలి. యాక్టివ్ డైరెక్టరీ (యూజర్లను, సిస్టమ్‌లను ఒకే చోట నిర్వహించే మైక్రోసాఫ్ట్ ఏర్పాటు) ఇప్పటికే నడుస్తుంటే విండోస్ డీహెచ్‌సీపీ సహజమైన ఎంపిక. విండోస్ సర్వర్ 2012 నుంచి రెండు సర్వర్లు లీజులను పంచుకుని ఒకటి పడిపోయినా రెండోది నడిపించే ఏర్పాటు ఉంది, ఐపీవీ4 వరకు. దానికి సర్వర్ లైసెన్సుతో పాటు క్లయింట్ లైసెన్సుల షరతులు కూడా చూసుకోవాలి. హాస్టల్ ఫోన్లకు విండోస్ సర్వర్ నుంచి అడ్రస్‌లు ఇవ్వాలనుకునేవారు ఈ లెక్క ముందుగానే వేసుకోవడం అవసరం. లినక్స్ వైపు వెళ్లేవారు మాత్రం పాత ఐఎస్‌సీ డీహెచ్‌సీపీతో కొత్త ఏర్పాటు మొదలుపెట్టకూడదు. దాని నిర్వహణ 2022తో ముగిసిందని దాన్ని తయారుచేసిన సంస్థే ప్రకటించింది. ఆ స్థానంలో అదే సంస్థ ఇస్తున్న కియా ఉంది. రిజర్వేషన్‌లను మైఎస్‌క్యూఎల్ లేదా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఉంచవచ్చు, రెండు సర్వర్లను జతగా నడపవచ్చు.

లీజు ఎంతకాలం అన్నది కూడా ఎంపికలో భాగమే. విండోస్ డీహెచ్‌సీపీ డిఫాల్ట్‌గా ఎనిమిది రోజులకు ఇస్తుంది. ఆఫీసు సిస్టమ్‌లకు అది బాగుంటుంది. ఆసుపత్రి వెయిటింగ్ హాలులోని అతిథి వైఫైకి అదే ఉంచితే, ఉదయం వచ్చి మధ్యాహ్నానికి వెళ్లిపోయిన మనిషి ఫోను పేరున అడ్రస్ వారం పాటు నిలిచిపోయి, మూడో రోజుకే శ్రేణి నిండిపోతుంది. అక్కడ ఒకటి రెండు గంటలు చాలు. ఫోన్ల విషయంలో ఇంకొక మాట: ఆండ్రాయిడ్ 10 నుంచీ, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచీ ఫోను తన అసలు మ్యాక్ అడ్రస్‌కు బదులు ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రస్ చూపుతుంది. డాక్టర్ల సొంత ఫోన్లకు మ్యాక్ ఆధారంగా రిజర్వేషన్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోవాలి. వారి గుర్తింపు వైఫై లాగిన్ ద్వారా జరగాలి.

స్టాటిక్ కంటే రిజర్వేషన్ మేలు

మారకూడని అడ్రస్‌ను రెండు విధాలుగా ఇవ్వవచ్చు. యంత్రంలోనే టైపు చేసి స్టాటిక్‌గా పెట్టవచ్చు, లేదా డీహెచ్‌సీపీ సర్వర్‌లో ఆ మ్యాక్ అడ్రస్‌కు ఈ ఐపీ అని రిజర్వేషన్ రాయవచ్చు. ప్రింటర్లు, కెమెరాలు, హాజరు యంత్రాలు, ఐపీ ఫోన్లు అన్నిటికీ రెండోదే సరైనదని గట్టిగా చెప్పగలను. రేపు గేట్‌వే (బయటికి దారి చూపే రౌటర్) గానీ డీఎన్‌ఎస్ (పేర్లను అడ్రస్‌లుగా మార్చే సర్వర్) గానీ మారితే ఒకే చోట మారిస్తే సరిపోతుంది, నిచ్చెన వేసుకుని ఒక్కో కెమెరా దగ్గరికి వెళ్లనక్కర లేదు. రిజర్వేషన్ జాబితాయే సగం రికార్డుగా కూడా పనికివస్తుంది. స్టాటిక్ అడ్రస్ రౌటర్లకూ, స్విచ్‌లకూ, యాక్టివ్ డైరెక్టరీని నడిపే డొమైన్ కంట్రోలర్లకూ, డీహెచ్‌సీపీ సర్వర్‌కూ పరిమితం కావాలి.

ఆసుపత్రుల్లోని స్కానింగ్ యంత్రాలు ఇందుకు మినహాయింపు. సీటీ, ఎంఆర్ఐ వంటి యంత్రాలు చిత్రాలను నిల్వ సర్వర్‌కు పంపేందుకు రెండు వైపులా ఐపీ అడ్రస్, పోర్టు, పేరు రాసి ఉంటాయి. ఒకవైపు మారి రెండోవైపు మారకపోతే చిత్రాలు రావు, రిపోర్టు ఆగుతుంది, రోగి వేచి ఉండవలసి వస్తుంది. వాటికి స్టాటిక్ ఇచ్చి, వాటి సబ్‌నెట్‌నే వేరు చేసి, అక్కడ డీహెచ్‌సీపీ లేకుండా చేయడం క్షేమం. ఆ అడ్రస్‌ను కంపెనీ ఇంజనీరు ఎంచుకోకూడదు. మనం రాసి ఇచ్చిన కాగితంలోని అడ్రస్‌నే ఆయన పెట్టాలి. కెమెరాలు బిగించేవారికీ ఇదే నియమం. కొన్ని కంపెనీల కెమెరాలు డబ్బాలోంచి 192.168.1.64తో, మరికొన్ని 192.168.1.108తో వస్తాయి గనుక, ఒకే రకం కెమెరాలు రెండిటిని మార్చకుండా ఒకేసారి స్విచ్‌కు కలిపితే అక్కడికక్కడే గొడవ మొదలవుతుంది.

నూట ఎనభై రోజుల లాగ్‌లు

ఎంపికలో చాలామంది లెక్కలోకి తీసుకోనిది చట్టబద్ధమైన బాధ్యత. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం సర్వీస్ ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కార్పొరేట్ సంస్థలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు, దేశంలోనే భద్రపరచాలి. నిర్దేశించిన సైబర్ సంఘటనలు జరిగితే తెలిసిన ఆరు గంటల్లోగా తెలియజేయాలి. గడియారాలను ఎన్ఐసీ (జాతీయ సమాచార కేంద్రం) లేదా ఎన్‌పీఎల్ (జాతీయ భౌతిక ప్రయోగశాల) సమయ సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో కలిపి ఉంచాలి. సంస్థ నుంచి ఎవరో బెదిరింపు మెయిల్ పంపారని పోలీసులు వచ్చి ఫలానా రోజు, ఫలానా సమయంలో 10.20.33.47 ఎవరిదని అడిగితే, డీహెచ్‌సీపీ లాగ్ లేకుండా జవాబు లేదు.

ఈ విషయంలో రౌటర్లు బలహీనమైనవి. చాలావాటిలో లాగ్ మెమరీలోనే ఉండి, రీస్టార్ట్ కాగానే చెరిగిపోతుంది. విండోస్ డీహెచ్‌సీపీ లాగ్ ఫైళ్లకు వారంలోని రోజుల పేర్లు ఉంటాయి. సోమవారం ఫైలుపై వచ్చే సోమవారం కొత్తది రాసుకుంటుంది కాబట్టి, ఏ ఏర్పాటూ చేయకపోతే మిగిలేది ఒక్క వారమే. రౌటర్ అయినా, విండోస్ అయినా, కియా అయినా లాగ్‌లను వాటిని సేకరించి దాచే సిస్‌లాగ్ సర్వర్‌కు గానీ మరో నిల్వకు గానీ రోజూ పంపే ఏర్పాటు కలిపే ఖర్చు లెక్క వేయాలి. ఒక పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి పెట్టినా ఈ పని జరుగుతుంది.

నమోదు: పీహెచ్‌పీ ఐపామ్, నెట్‌బాక్స్, విండోస్ ఐపామ్, కొనుగోలు సాధనాలు

షీటు దాటి వెళ్లే సంస్థ ముందు ఉచితంగా రెండు మంచి దారులున్నాయి. పీహెచ్‌పీ ఐపామ్ అచ్చంగా అడ్రస్‌ల కోసం తయారైనది. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ తెలిసినవారు ఒక చిన్న లినక్స్ యంత్రంలో ఒక పూటలో నిలబెట్టవచ్చు. సబ్‌నెట్ తెరిస్తే ఏవి నిండాయో, ఏవి ఖాళీయో గడులుగా కనిపిస్తాయి. నిర్ణీత వేళల్లో పింగ్ చేసి ఏవి బతికి ఉన్నాయో గుర్తిస్తుంది. ఎవరికి ఏ సబ్‌నెట్‌పై హక్కు ఉండాలో వేరుగా చెప్పవచ్చు, మార్పుల చరిత్ర ఉంటుంది, అడ్రస్ కావలసినవారు అభ్యర్థన పెట్టుకునే పేజీ కూడా ఉంది. ఈ చివరిది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోస్తుంది. ల్యాబ్ అసిస్టెంట్లు, బయటి కంపెనీల వారు అడిగి తీసుకునే పద్ధతి ఒకసారి నెలకొంటే, చేతులు ఎన్ని ఉన్నా ద్వారం ఒకటే అవుతుంది.

దాని పింగ్‌ను మాత్రం గుడ్డిగా నమ్మకూడదు. విండోస్ ఫైర్‌వాల్ సాధారణంగా పింగ్‌కు జవాబు ఇవ్వనివ్వదు గనుక, నడుస్తున్న సిస్టమ్ ఖాళీ అడ్రస్‌గా కనిపించవచ్చు. గేట్‌వేలోని ఏఆర్‌పీ పట్టికతో (ఏ ఐపీ ఏ మ్యాక్ అడ్రస్‌దో చెప్పే జాబితా) పోల్చి చూస్తేనే నిజం తెలుస్తుంది. ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను దూరం నుంచి అడిగే పద్ధతి) ద్వారా దాన్ని చదివే వీలు పీహెచ్‌పీ ఐపామ్‌లోనే ఉంది.

నెట్‌బాక్స్ పరిధి ఇంకా పెద్దది. డిజిటల్ ఓషన్ సంస్థలో పుట్టి 2016లో అందరికీ విడుదలైన ఈ సాఫ్ట్‌వేర్ అడ్రస్‌లతో పాటు ర్యాక్‌లు, స్విచ్‌లు, కేబుళ్లు, సర్క్యూట్‌లు అన్నిటినీ ఒకదానితో ఒకటి ముడివేసి రాస్తుంది. 10.20.10.5 అనే అడ్రస్ ఏ సర్వర్‌లోని ఏ పోర్టుదో, ఆ పోర్టు నుంచి కేబుల్ ఏ స్విచ్‌కు వెళ్తుందో వరుసగా చూడవచ్చు. ఇతర ప్రోగ్రాములు దానితో మాట్లాడే ద్వారమైన ఏపీఐ బలమైనది. స్విచ్‌ల కాన్ఫిగరేషన్‌ను ప్రోగ్రాముల ద్వారా రాసే బృందాలకు అది ఆధారంగా నిలుస్తుంది. కానీ నెట్‌బాక్స్ తనంత తాను నెట్‌వర్క్‌ను వెతకదు. నెట్‌వర్క్ ఎలా ఉండాలో చెప్పే పత్రంగానే దాన్ని రూపొందించారు, ఎలా ఉందో చూసే కన్నుగా కాదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, రెడిస్, పైథాన్ వాతావరణం నడపగలిగిన మనిషి కావాలి, వెర్షన్ మార్చే ప్రతిసారీ ఓపిక కావాలి. ఇద్దరు ముగ్గురు నెట్‌వర్క్ ఇంజనీర్లు, సొంత సర్వర్ గది, అనేక శాఖలు ఉన్న విశ్వవిద్యాలయానికో, పెద్ద కంపెనీకో ఇది తగినది. ఒకే అడ్మిన్, ఆయనే ప్రొజెక్టర్లు కూడా సరిచేసే కాలేజీలో నెట్‌బాక్స్ పెడితే, ర్యాక్‌లు, కేబుళ్ల పేజీలు సగం నిండి ఆగిపోతాయి, సగం నిండిన రికార్డును ఎవరూ నమ్మరు.

విండోస్ ఐపామ్ విండోస్ సర్వర్‌లోనే ఉచితంగా కలిసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ డీహెచ్‌సీపీ, డీఎన్‌ఎస్ సర్వర్లను ఒకే చోటు నుంచి నడపడం, లీజులనూ డొమైన్ లాగిన్‌లనూ జతచేసి ఫలానా అడ్రస్‌తో ఏ యూజర్ ఉన్నారో వెతకడం దాని బలాలు. దాన్ని డొమైన్‌లో చేరిన వేరే సర్వర్‌లో పెట్టాలి, డొమైన్ కంట్రోలర్‌లో పెట్టకూడదు. రౌటర్లలోని, లినక్స్‌లోని డీహెచ్‌సీపీ దాని అదుపులోకి రాదు. అన్నీ విండోసే అయిన సంస్థ తప్ప మరెవరూ దీనికోసం సర్వర్ కేటాయించనక్కర లేదు.

కొనుగోలు సాధనాల్లో రెండు తరగతులున్నాయి. మేనేజ్‌ఇంజన్ ఆప్‌యుటిల్స్, సోలార్‌విండ్స్ ఐపామ్ వంటివి నమోదు, స్కానింగ్, హెచ్చరికలు చేస్తాయి. పీహెచ్‌పీ ఐపామ్ చేయలేని పని వాటిలో ఏది మీకు కావాలో స్పష్టంగా తెలిస్తేనే కొనాలి, లేదా ఫోన్ చేస్తే పలికే సహాయ కేంద్రం మీకు తప్పనిసరి అయితే కొనాలి. ఇన్ఫోబ్లాక్స్, బ్లూక్యాట్, ఎఫిషియంట్ ఐపీ వంటివి డీఎన్‌ఎస్, డీహెచ్‌సీపీ, నమోదు మూడింటినీ ఒకే వ్యవస్థలో కలిపి ఇస్తాయి. నమోదు చేయడమే పంపిణీ కావడం వాటి గొప్పదనం. రికార్డుకూ వాస్తవానికీ మధ్య దూరం దాదాపు మిగలదు. బ్యాంకులకూ, రాష్ట్రమంతా శాఖలున్న సంస్థలకూ ఆ ఖర్చు సమంజసం. మన జిల్లాల్లోని ఒక కాలేజీకో, రెండు వందల పడకల ఆసుపత్రికో ఆ డబ్బు ముందుగా మంచి స్విచ్‌ల మీద పెట్టడం మేలు.

స్విచ్‌ల ప్రస్తావన ఎందుకంటే, అడ్రస్‌ల గందరగోళంలో కొంత భాగాన్ని ఏ ఐపామ్ కూడా ఆపలేదు. హాస్టల్‌లో ఒక విద్యార్థి ఇంటి నుంచి తెచ్చిన వైఫై రౌటర్‌ను పొరపాటున ల్యాన్ పోర్టు ద్వారా గోడకు కలిపితే, అది తన డీహెచ్‌సీపీతో ఆ అంతస్తంతటికీ తప్పుడు అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది. డీహెచ్‌సీపీ స్నూపింగ్ ఉన్న మేనేజ్డ్ స్విచ్ అధికారిక సర్వర్ ఉన్న పోర్టు నుంచి తప్ప మరెక్కడి నుంచీ అడ్రస్‌లు రానివ్వదు. చవక స్విచ్‌లలో ఈ సౌకర్యం ఉండదు.

ఎవరికి ఏది

ఒకే చోటు, ఒకే అడ్మిన్, ఒకటి రెండు సబ్‌నెట్‌లు ఉంటే రౌటర్ డీహెచ్‌సీపీ, శుభ్రమైన షీటు, లాగ్‌లకు ఒక సిస్‌లాగ్ యంత్రం. ఏనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిల్లులు, వ్యాపార కార్యాలయాలు చాలావరకు ఇక్కడే ఆగవచ్చు. ఇద్దరి కంటే ఎక్కువమంది అడ్రస్‌లిచ్చే ఆసుపత్రులు, ఇంజనీరింగ్ కాలేజీలు సిస్టమ్‌ల సంఖ్య ఎంత తక్కువైనా పీహెచ్‌పీ ఐపామ్‌కు మారాలి. ప్రధాన క్యాంపస్‌లో జంట డీహెచ్‌సీపీ సర్వర్లు, శాఖల్లో స్థానిక రౌటర్లు. ప్రోగ్రామింగ్ తెలిసిన నెట్‌వర్క్ బృందం ఉన్నచోట నెట్‌బాక్స్. ఈ రెండిటి మధ్య ఊగిసలాడుతున్నవారు పీహెచ్‌పీ ఐపామ్‌తో మొదలుపెట్టవచ్చు, డేటాను సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరవగల సాదా పట్టికగా) బయటికి తీసి తరువాత మారే వీలుంటుంది. ఏ సాధనమైనా ఈ ఎగుమతి సౌకర్యం లేకపోతే, ఎంత బాగున్నా పక్కన పెట్టాలి.

మారేటప్పుడు పాత షీటును యథాతథంగా కొత్త సాధనంలోకి ఎక్కించడం కంటే, నెట్‌వర్క్‌ను అడిగి రాసుకోవడం మంచిది. గేట్‌వేల ఏఆర్‌పీ పట్టికలు, స్విచ్‌ల మ్యాక్ పట్టికలు, డీహెచ్‌సీపీ లీజులు ఒక రెండు వారాల పాటు రోజుకు కొన్నిసార్లు సేకరిస్తే, నెలకోసారి వాడే యంత్రాలు తప్ప దాదాపు అన్నీ బయటపడతాయి. దాన్ని పాత షీటుతో పోల్చి, తేడా ఉన్న ప్రతి వరుస దగ్గరా ఆ గదికి వెళ్లి చూడాలి. మొదటి ప్రయత్నానికి కెమెరాల సబ్‌నెట్ అనువైనది: అక్కడ బయటి చేతులు ఎక్కువ, తప్పులు ఎక్కువ, పగలు కాసేపు ఆగినా పాఠాలు గానీ రోగులు గానీ ఆగరు. ఆ ఒక్క సబ్‌నెట్‌లో ప్రతి కెమెరా రిజర్వేషన్‌లోకి వచ్చి, బిగించే కంపెనీ వారు తదుపరి కెమెరాకు అడ్రస్ కోసం అభ్యర్థన పెట్టిన తరువాతే రెండో సబ్‌నెట్‌కు వెళ్లాలి.